వెనక్కి వెళ్లే దారి

రథసప్తమి మర్నాడు అరసవల్లి పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా ఉంటుంది. వీధి నిండా కొబ్బరిపీచు, నలిగిన పూలు, ఖాళీ పాలప్యాకెట్లు. ముందురోజు అర్ధరాత్రి మొదలైన క్షీరాభిషేకం, స్వామి నిజరూప దర్శనానికి బారులు తీరిన జనం, పొంగిన పాలు, ఉడికిన పరమాన్నం... అన్నీ అయిపోయి ఊరు కాళ్లు చాపుకుని కూర్చునే రోజది.

2025 ఫిబ్రవరి 5 కూడా అలాంటి రోజే. కానీ సూర్యనారాయణస్వామి గుడికి వెళ్లే దారిలో కొబ్బరికాయలూ పూజసామగ్రీ అమ్మే ఓ చిన్న దుకాణంలో మాత్రం ఆ వేళ ఆ తీరుబడి లేదు. యాభై ఎనిమిదేళ్ల దుకాణం యజమానురాలు గోనెసంచి మీద కూర్చుని, చేతిలోని సెల్‌ఫోనును పైకీ కిందికీ తోస్తూ వెతుకుతోంది. ఏడాది మొత్తమ్మీద పెద్ద బేరం జరిగే రోజు లెక్క అందులో ఉండాలి. రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసి, కళ్లు మండుతున్నా గంటసేపు కూర్చుని ఎక్కించిన లెక్క.

లేదు! 'కొత్త లెక్క రాయండి' అన్న అక్షరాలు తప్ప ఏమీ లేదు.

ఆ యాప్ కొన్నది కాదు, ఎవరో పంపిందీ కాదు. ఆమె కొడుకు చేసింది. బెంగళూరులో ఓ కంపెనీలో మొబైల్ యాప్‌లు రాయడమే అతని ఉద్యోగం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మ నోటుబుక్కులో కూడికలు మళ్లీ మళ్లీ వేసుకోవడం చూశాడు. పండగ నాలుగు రోజులూ కూర్చుని ఆమె కోసమే ఒకటి తయారుచేశాడు. ఐదు పేజీలు. తెచ్చిన సరుకు, అమ్మింది, మిగిలింది, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సినవి. చివర్లో 'భద్రపరచు' అన్న మీట. అంతా తెలుగులోనే. వెళ్తూ వెళ్తూ ఓ కొత్త ఫోను కూడా కొనిచ్చాడు. అయిదో తరగతితో చదువాపేసిన ఆ అమ్మ, ఆ మర్నాటి నుంచే నోటుబుక్కు పక్కన పెట్టేసింది. పక్క దుకాణాల వాళ్లకి చూపించుకుంది కూడా... 'మావాడు చేసినాడు' అని.

మరి ఆ రాత్రి ఏమైంది? నాలుగో పేజీలో ఉండగా ఆమెకో సంగతి గుర్తొచ్చింది. మొదటి పేజీలో కాయలు 500కు బదులు 50 అని పడ్డట్టుంది. ఓసారి వెనక్కెళ్లి దిద్దుకోవాలి. పాత ఫోనులో అయితే తెర అడుగున త్రికోణం గుర్తు ఉండేది. కొత్త ఫోనులో అది లేదు. తెర అంచు నుంచి వేలిని లోపలికి జరపడమే. కొడుకు నేర్పించినట్టే జరిపింది. అంతే... మూడో పేజీ రాలేదు, రెండోదీ రాలేదు. నాలుగు పేజీల లెక్కా ఒక్కసారిగా మాయమైపోయి, యాప్ మొదటి గుమ్మం దగ్గర నిలబడింది.

అరచేతిలో జరిగిన దొంగతనంలాంటిదది. దొంగ ఎవరో తెలీదు. కాబట్టి ఆమె తననే అనుమానించుకుంది.

కాయలు ఐదొందలా... ఆరొందలా?

రెండ్రోజుల తర్వాత ఉద్దానం నుంచి కాయలు దింపే వ్యాపారి వచ్చాడు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కొబ్బరితోటలంటే శ్రీకాకుళం జిల్లాకి ఓ గర్వం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటల్ని కూకటివేళ్లతో పెకలించినప్పుడు ఏళ్ల తరబడి కోలుకోలేని దెబ్బ తిన్నారు అక్కడి రైతులు. అలాంటి చోటు నుంచి వచ్చే కాయల లెక్కంటే ఇద్దరికీ జాగ్రత్తే.

''పండక్కి ఆరొందలు దింపినానమ్మా'' అన్నాడతను.

ఆమెకు ఐదొందలని గుర్తు. కానీ గట్టిగా అనలేకపోయింది. ''రాసినాను బావూ... ఇప్పుడు కనబడట్లేదు'' అంది. అతను అబద్ధమాడుతున్నాడని కాదు. బహుశా అతనే నిజమేమో. నోటుబుక్కులో ఉంటే ఇద్దరూ కలిసి వేలుపెట్టి చూసుకునేవాళ్లు. ఇప్పుడా వీలు లేదు. కాయకి పాతిక చొప్పున వంద కాయల సొమ్ము, రెండువేల ఐదొందలు, అదనంగా లెక్కపెట్టి ఇచ్చేసింది. రథసప్తమి బేరంలో మిగులుతుందనుకున్న దాంట్లో అదో పెద్ద ముక్క.

ఆ రాత్రి కొడుకు ఫోన్ చేశాడు. ''యాప్ ఎలా ఉందమ్మా?''

''బాగుందిరా.''

మర్నాడు వెళ్లి రెండొందల పేజీల నోటుబుక్కు కొనుక్కుంది.

తప్పు ఎవరిది?

మార్చి రెండో వారంలో కొడుకు ఊరొచ్చాడు. ఆ రోజులకి అరసవల్లిలో ఓ ప్రత్యేకత ఉంది. మార్చి రెండో వారంలో ఓసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఇంకోసారి, ఉదయపు కిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిందంటే ఆ ఏటికి ఆ భాగ్యం లేనట్టే. అందుకే తెల్లవారకముందే జనం వచ్చి నిలబడతారు. దుకాణానికీ మంచి బేరం. సాయంగా ఉందామని వచ్చిన కొడుక్కి గల్లాపెట్టె మీద నోటుబుక్కు కనిపించింది. తేదీలు చూశాడు. ఫిబ్రవరి 8 నుంచి ఒక్క రోజూ తప్పలేదు.

''మరి యాప్?''

మొదట 'ఛార్జింగ్ ఉండట్లేదు' అంది. తర్వాత 'కళ్లు కనబడట్లేదు' అంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది.

''నానేటి నొక్కీసినానో తెలీదురా. అంతా పోనాది. సెప్తే నువ్వు బాధపడతావని సెప్పలేదు.''

అతను ఫోను తీసుకుని నాలుగు పేజీలు నింపి, అంచు నుంచి వేలు జరిపాడు. రెండు నిమిషాలు పట్టలేదు తప్పు దొరకడానికి. ఆమె ఏమీ తప్పు నొక్కలేదు. తనే తప్పు రాశాడు!

''నీది కాదమ్మా, నా తప్పే.''

''నీదేటి? ఫోను నా సేతిలో కదా ఉంది!''

ఆ ఒక్క మాటే అతన్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తలుపు మీద 'లాగండి' అని లేకుండా లాగాల్సిన పిడి పెడితే, తోసినవాళ్లు తమనే తిట్టుకుంటారు. వస్తువు సరిగ్గా చేయకపోతే వాడేవాళ్లు తప్పు తమదేననుకుంటారనీ, నిజానికి తప్పు తయారీలోనే ఉంటుందనీ అమెరికా నిపుణుడు డొనాల్డ్ నార్మన్ 1988లో ఓ పుస్తకమే రాశాడు. ఆ సంగతి అతను చదువుకునే రోజుల్లోనే చదివాడు. అమ్మ ముఖంలో చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

కంచాల దొంతర

మర్నాడు వంటింట్లో అమ్మకి కంచాలతో పాఠం చెప్పాడు.

ఆండ్రాయిడ్ ఫోనులో తెరచిన ప్రతి పేజీ ఓ కంచం లాంటిది. ఒకటి తెరిస్తే కంచం పెట్టినట్టు. ఇంకోటి తెరిస్తే దాని మీద ఇంకోటి పెట్టినట్టు. మనకి కనిపించేది ఎప్పుడూ పై కంచమే. 'వెనక్కి' అంటే పై కంచం తీసేయడం. దాని కింద ఉన్నది అప్పుడు కనిపిస్తుంది. ఆఖరున పెట్టింది మొదట బయటికొస్తుంది. కంచాలన్నీ అయిపోతే యాప్ నుంచే బయటికొచ్చి, ఫోను ముఖపేజీలో ఉంటాం. ఈ దొంతరని ఫోను తనంతట తనే చూసుకుంటుంది, యాప్ రాసినవాడు దానికి సరిగ్గా చెబితే!

అక్కడే అతను పొరబడ్డాడు. అయిదు పేజీలకి అయిదు కంచాలు పెట్టాల్సింది పోయి, ఒకే కంచం పెట్టి అందులో కూర మార్చినట్టు మార్చుకుంటూ వెళ్లాడు. పైన చూసేవాళ్లకి అవి అయిదు పేజీలు. ఫోను లెక్కలో మాత్రం ఒక్కటే కంచం. అమ్మ 'వెనక్కి' అనగానే అది తన ధర్మం ప్రకారం ఆ ఒక్క కంచాన్నీ తీసేసింది... అందులో ఉన్నదంతా పారబోసి. పైగా రాసింది రాసినట్టు ఎక్కడా దాచలేదు. 'భద్రపరచు' నొక్కితేనే దాస్తుంది. పరీక్షించేటప్పుడు అతనెప్పుడూ తిన్నగా ముందుకే వెళ్లాడు. రాసినవాడు దారి తప్పడు కదా! వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం అతనికి రాలేదు.

నిజానికి వెనక్కి వెళ్లడం అరుదుగా జరిగే పనేం కాదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు లిండా టాషర్, సాల్ గ్రీన్‌బర్గ్ ఇంటర్నెట్ వాడకాన్ని పరిశీలించి 1997లో ఓ విషయం చెప్పారు. జనం తెరిచే పేజీల్లో 58 శాతం అంతకుముందు చూసినవేనట. బజారులో నాలుగు కొట్లు తిరిగి మళ్లీ మొదటి కొట్టుకే వచ్చే అలవాటు మనకి ఫోనులోనూ ఉందన్నమాట.

మీట పోయి... వేలు వచ్చె!

ఒకప్పటి నోకియా ఫోన్లలో తెర కింద కుడివైపు మీట నొక్కితే చాలు, ఎంత దూరం వెళ్లినా వెనక్కి వచ్చేయొచ్చు. 2007లో వచ్చిన తొలి ఐఫోనుకి ముందువైపు ఒకే ఒక్క మీట. అది ముఖపేజీకి తీసుకెళ్లేది. వెనక్కి వెళ్లాలంటే తెర మీద ఎడమవైపు పైమూల చూసుకోవాల్సిందే. 2008లో మార్కెట్లోకి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ డ్రీమ్‌కి 'వెనక్కి' మీట విడిగా ఉండేది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన గెలాక్సీ నెక్సస్ ఫోనులో ఆ మీట తెర మీదికి ఎక్కింది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చేసరికి ఆ గుర్తు కూడా లేకుండా, అంచు నుంచి వేలు జరిపితే చాలన్నారు. ఐఫోను అంతకుముందే, 2013లో ఐఓఎస్ 7తో, ఎడమ అంచు నుంచి తోసే పద్ధతి తెచ్చింది.

తెర విశాలమైంది. అందం పెరిగింది. కానీ కంటికి కనిపించే మీట అయితే 'నేను నొక్కాను' అని తెలుస్తుంది. కనిపించని మీట ఎప్పుడు నొక్కుకుందో తెలీదు. జాబితాను కిందికి తోస్తున్న బొటనవేలు కాస్త అంచుకి తగిలినా చాలు. అక్షరాల పలక తెర మీద ఉన్నప్పుడు ఇంకో చిక్కు. మొదటిసారి 'వెనక్కి' అంటే పలక మాత్రమే మూసుకుంటుంది. మూసుకోలేదేమోనని మళ్లీ అంటే పేజీయే పోతుంది.

ఈ కంగారు తీర్చడానికి ఆండ్రాయిడ్ తయారీదారులు 2022లో, 13వ వెర్షన్‌తో, కొత్త ఏర్పాటు మొదలుపెట్టారు. వేలిని మెల్లగా జరిపితే తెర పక్కకి తొలగి వెనక ఏముందో ముందే కనిపిస్తుంది. గుమ్మం కర్టెన్ కొద్దిగా ఎత్తి చూసినట్టు. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే వేలిని మళ్లీ అంచువైపు తెచ్చి వదిలేస్తే ఉన్నచోటే ఉంటాం. 2025లో వచ్చిన 16వ వెర్షన్‌కి తగ్గట్టు తయారుచేసే యాప్‌లకి ఇది దానంతటదే వస్తుంది. అయినా, కర్టెన్ వెనక గది ఉండాలి కదా! దాన్ని కట్టాల్సింది యాప్ రాసేవాడే.

'నాను ఎల్లిపోతానన్నానా?'

కొడుకు ఆ మధ్యాహ్నమే దిద్దడం మొదలుపెట్టాడు. ముందు అందరూ చేసే పనే చేశాడు. వేలు జరపగానే 'మార్పులు పోతాయి. వెళ్లిపోవాలా, ఉండాలా?' అని అడిగేలా పెట్టాడు. అమ్మకిచ్చాడు. ఆమె చదివి మొహం చిట్లించింది.

''ఎల్లిపోవాలా అంటాదేటిరా? నాను ఎల్లిపోతానన్నానా? మొదటి పేజీ సూద్దామన్నాను, అంతే. నోటుబుక్కులో ముందు పేజీ తిప్పితే ఎనక పేజీ సిరిగిపోద్దేటి?''

ఉద్యోగంలో ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాడతను. ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

మళ్లీ రాశాడు. ఈసారి అయిదు పేజీలకి అయిదు కంచాలు. ఒక్కో అంకె వేయగానే ఫోనులో చిత్తుప్రతిగా దాచేలా చేశాడు. వెనక్కి వెళ్లినా, మధ్యలో ఫోనొచ్చినా, ఛార్జింగ్ అయిపోయినా... తెరవగానే 'నిన్న ఇక్కడ ఆపారు' అని అదే పేజీ చూపిస్తుంది. ప్రశ్నల్లేవు, భయపెట్టడాల్లేవు.

ఆమె వాడింది. ఆదివారం. సూర్యుడి వారం కాబట్టి అరసవల్లిలో రద్దీ రోజు. సాయంత్రం చూస్తే మొత్తంలో ఏదో తేడా! తెచ్చింది వంద కాయలు, యాప్ రెండొందలంటోంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, 'భద్రపరచు' నొక్కాక కూడా నింపిన పేజీలు దొంతరలో అలాగే ఉండిపోయాయి. ఆమె వెనక్కి రాగానే అదే పేజీ నిండుగా కనిపించింది. భద్రపడలేదేమోనని మళ్లీ నొక్కింది. లెక్క రెండుసార్లు పడింది.

అప్పుడు అర్థమైంది అతనికి అసలు విషయం. వెనక్కి దారి ఎప్పుడూ తెరిచి ఉంచడమే మంచితనం కాదు. రాస్తున్నంతసేపూ తెరిచి ఉండాలి. రాయడం పూర్తయ్యాక ఆ తలుపులు మూసేయాలి. అక్కడి నుంచి 'వెనక్కి' అంటే లెక్కల జాబితాకే రావాలి. తప్పుంటే ఆ జాబితాలోంచి తెరిచి, కొట్టేసి, పక్కన రాసుకోవాలి... నోటుబుక్కులో లాగానే. కొట్టేసింది కూడా కనిపిస్తూ ఉండాలి. రాత్రి పన్నెండు దాకా కూర్చుని అలాగే మార్చాడు.

డబ్బు వెనక్కి రాదు

దుకాణం ముందు వేలాడే క్యూఆర్ కోడ్ దగ్గర కూడా ఈ గొడవ రోజూ కనిపిస్తుంది. కాయ కొన్న కుర్రాడు ఫోనులో డబ్బు కొడతాడు. చక్రం తిరుగుతూ ఉంటుంది. ఓపిక పట్టలేక వెనక్కి వచ్చేసి మళ్లీ కొడతాడు. రెండుసార్లు పోతుంది! వెనక్కి వచ్చింది తెర మాత్రమే, బ్యాంకుకి వెళ్లిన కబురు కాదు. పోస్టుడబ్బాలో ఉత్తరం వేశాక ఇంటికి తిరిగొచ్చేసినంత మాత్రాన ఉత్తరం ఆగుతుందా?

అలాంటప్పుడు మళ్లీ కొట్టేముందు యాప్‌లోని లావాదేవీల జాబితా చూసుకోవాలి. ఖాతాలోంచి పోయి అవతలివారికి చేరకపోతే కంగారు పడక్కర్లేదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, మనిషికి పంపిన యూపీఐ సొమ్ము మర్నాటికల్లా దానంతటదే తిరిగి జమ కావాలి. దుకాణాల చెల్లింపులయితే అయిదు రోజుల్లో. అంతకు మించి ఆలస్యమైతే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి.

ఈ సంగతి కొడుకు చెప్పినప్పటి నుంచీ ఆమె ఎవరు కంగారు పడుతున్నా ''ఆగు బావూ, ఎనక్కి రాకు. సూసుకుని మళ్లీ కొట్టు'' అంటోంది.

సూర్యుడూ వెనక్కి వస్తాడు

బెంగళూరు వెళ్లేముందు తెల్లవారుజామున తల్లీకొడుకులిద్దరూ గుడికి వెళ్లారు. ఏడో శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఆ గుడిలో, కిరణాల లెక్క చాలా తేలిక. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతుంటాడు. మార్చిలో ఉత్తరానికి పోతూ, తూర్పుకి కాస్త దక్షిణంగా ఏ చోట ఉదయిస్తాడో, అక్టోబరు మొదట్లో తిరిగొస్తూ మళ్లీ సరిగ్గా ఆ చోటికే వస్తాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. గుడి కట్టినవాళ్లు రెండు ప్రయాణాలకీ ఒకే గుమ్మం సరిపోయేలా కట్టారు.

వెళ్లే దారి గురించే కాకుండా వచ్చే దారి గురించీ ఆలోచించారన్నమాట. అతను ఆ మాట పైకి అనలేదు. గుమ్మం వైపు మాత్రం చాలాసేపు చూశాడు.

ఆఫీసుకి వెళ్లాక అతను చేసిన మొదటి పని, తాను అప్పటిదాకా రాసిన యాప్‌లన్నీ తెరిచి, ప్రతి పేజీలోనూ వెనక్కి వెళ్లి చూడటం. మూడుచోట్ల అదే తప్పు దొరికింది. అవి వాడుతున్నవాళ్లలో ఎంతమంది 'నా చెయ్యే తగిలిందేమో' అనుకుని ఊరుకున్నారో!

అక్టోబరు వచ్చింది. మళ్లీ కిరణాల రోజులు, మళ్లీ బేరం. ఉద్దానం వ్యాపారి కాయలు దింపి డబ్బుకొచ్చినప్పుడు ఆమె ఫోను తీసి అతనికే చూపించింది. ఇద్దరూ వేలుపెట్టి చదువుకున్నారు. లెక్క కుదిరింది. ఫిబ్రవరి నాటి వంద కాయల సంగతి ఎవరూ ఎత్తలేదు. అది తేలే లెక్క కాదని ఇద్దరికీ తెలుసు.

ఇదంతా చూస్తున్న పక్క కొట్టు పూలమ్మాయి ''పెద్దమ్మా, నా ఫోనులో కూడా ఎక్కించమని అన్నకి సెప్పవా?'' అంది. అంతలోనే జంకింది. ''తప్పు నొక్కితే పోద్దేమో!''

''పోదు, నొక్కు'' అంది ఆమె. ''ఎనక్కెల్లి దిద్దుకుందువు.''

నోటుబుక్కు మాత్రం ఇంకా గల్లాపెట్టె కిందే ఉంది. కొడుకు చూశాడు. తీసేయమని అనలేదు.